ఒకే విమ్‌ఆర్‌సీ, మూడు సిస్టమ్‌లు: ఏది సాఫీగా వచ్చింది, ఏది మొరాయించింది

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ సెట్టింగ్స్ అంతా విమ్‌ఆర్‌సీ అనే ఒక్క టెక్స్ట్ ఫైలు కాబట్టి, విండోస్ నుంచి లినక్స్‌కి కాపీ చేస్తే పనైపోతుందనిపిస్తుంది. చాలావరకు అయిపోతుంది కూడా. ట్యాబ్ వెడల్పు, సెర్చ్, లీడర్ కీ (సొంత షార్ట్‌కట్లకు ముందుగా నొక్కే కీ) మీద పెట్టుకున్న షార్ట్‌కట్లు ఏళ్ల వాడకంలో ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. పేచీ అంతా ఆపరేటింగ్ సిస్టమ్‌ని తాకే చోటే.

విండోస్‌లో ఫైలు పేరు _విమ్‌ఆర్‌సీ, ఫోల్డర్ విమ్‌ఫైల్స్. లినక్స్, మ్యాక్‌లలో అవే .విమ్‌ఆర్‌సీ, .విమ్. పేర్లు మార్చాక కూడా విమ్ తెరవగానే ఈ492 ఎర్రర్లు వరసకట్టి, పక్కన ^ఎమ్ కనిపించిందా? విండోస్ ప్రతి లైను చివర పెట్టే అదనపు అక్షరాన్ని లినక్స్ విమ్ కమాండ్‌గా చదువుతోంది. ఆ ఫైలునే విమ్‌లో తెరిచి, :సెట్ ఎఫ్‌ఎఫ్=యూనిక్స్ కొట్టి, సేవ్ చేయాలి. యూనిక్స్ తరహా లైన్లను విండోస్ విమ్ హాయిగా చదువుతుంది, కాబట్టి అన్నిచోట్లా అదే ఉంచండి. ఫైలు గిట్‌లో (ఫైళ్ల మార్పులను భద్రపరిచే టూల్) ఉంటే, లైను చివరలను మార్చే దాని ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగ్ ఆ ఫైలును మళ్లీ మార్చేయొచ్చు, ఓ కన్నేసి ఉంచాలి.

ఎక్కువ సతాయించింది క్లిప్‌బోర్డ్. కాపీ చేసినవాటిని విమ్ ఉంచుకునే చోట్లే రిజిస్టర్లు. విండోస్‌లో * రిజిస్టరూ + రిజిస్టరూ ఒకటే కాబట్టి క్లిప్‌బోర్డ్=అన్‌నేమ్డ్ చాలు. లినక్స్ ఎక్స్11లో (తెర మీద విండోలను చూపించే వ్యవస్థ) * అంటే మౌస్‌తో సెలెక్ట్ చేసిన టెక్స్ట్, + అంటే కంట్రోల్-సీ క్లిప్‌బోర్డ్. పాత లైనే ఉంచితే విమ్‌లో యాంక్ (కాపీ) చేసినది మౌస్ మధ్య బటన్‌తో పేస్ట్ అవుతుంది, బ్రౌజర్‌లో కంట్రోల్-వీతో మాత్రం రాదు. అక్కడ అన్‌నేమ్డ్‌ప్లస్ కావాలి. ఆ సదుపాయం ఉందో లేదో ముందు హ్యాజ్('అన్‌నేమ్డ్‌ప్లస్') అని అడిగి పెట్టడం మేలు. అప్పటికీ పనిచేయకపోతే విమ్ --వెర్షన్ చూడండి: -క్లిప్‌బోర్డ్ అని మైనస్‌తో ఉంటే ఆ విమ్‌లో క్లిప్‌బోర్డ్ సదుపాయమే లేదు, ఏ సెట్టింగూ కాపాడదు. డెబియన్, ఉబుంటులలో విమ్-జీటీకే3 ప్యాకేజీ వేసుకోవాలి.

ఆల్ట్ కీలు టెర్మినల్‌లో నమ్మదగ్గవి కావు. సొంత విండోలో నడిచే జీవిమ్‌లో, లైను కిందికి జరపడానికి పెట్టుకున్న ఆల్ట్-జే, చాలా టెర్మినల్స్‌లో ఎస్కేప్, ఆ తర్వాత జేగా చేరుతుంది. టైపు చేస్తూ నొక్కితే ఇన్సర్ట్ మోడ్ పోయి కర్సర్ ఒక లైను దిగుతుంది, లైను మాత్రం కదలదు. కంట్రోల్-ఎంటర్‌కీ మామూలు ఎంటర్‌కీ కూడా తేడా తెలియదు. ఇలాంటివన్నీ లీడర్ కీ మీదకి మార్చేయడమే నయం.

ఫాంట్ చిన్న విషయం: విండోస్‌లో కన్సోలాస్:హెచ్11, లినక్స్ జీవిమ్ వాడే జీటీకేలో పేరు, ఖాళీ, సైజు, ఆ ఖాళీ ముందు బ్యాక్‌స్లాష్. విడివిడి షరతుల్లో పెట్టండి. మ్యాక్‌లో హ్యాజ్('యూనిక్స్') కూడా నిజమే అవుతుంది కాబట్టి మ్యాక్ షరతు ముందు రాయాలి. 64 బిట్ విండోస్‌కీ హ్యాజ్‌లో రాసే పేరు విన్32యే, తికమక పడొద్దు.

కలర్ స్కీమ్ దొరకలేదని ఈ185 వస్తే పెద్ద, చిన్న అక్షరాలు సరిచూడండి, లినక్స్‌కి అవి వేరువేరు. ఇది కనీసం ఎర్రర్ చూపిస్తుంది. అన్‌డూ చరిత్ర దాచే ఫోల్డర్‌ని చెప్పే అన్‌డూడిర్ అదీ చూపించదు: ఆ ఫోల్డర్ కొత్త మెషీన్‌లో లేకపోతే విమ్ తనంతట తాను తయారు చేయదు, ఫైలు మూసి తెరిచాక పాత అన్‌డూ చరిత్ర ఉండదు. ఫోల్డర్ తయారు చేసే ఎమ్‌కేడిర్() పిలిచే లైను ఒకటి విమ్‌ఆర్‌సీలోనే పెట్టాలి.