ముఖం నేర్చుకోవడానికి ఏది మేలు: ఫోటోనా, మాస్టర్ బొమ్మా, ఎదుటి మనిషా?

వాటర్ కలర్‌లో ముఖాలు వేయాలని కూర్చున్న కొత్తలో నేను ఫోటోలే చూసి వేశాను. అమ్మమ్మ ఫోటో ఒక్కటే ఏడుసార్లు వేసి ఉంటాను. ఏడుసార్లూ చెంపలు బురదరంగుకి తిరిగాయి. ఫోటోలో ప్రతి ముడతా కనిపిస్తుంది, ఏది వదిలేయాలో మాత్రం తెలియదు. వాటర్ కలర్‌లో సగం పని వదిలేయడమే. కాగితమే తెలుపు కాబట్టి ముక్కు కొస మీద మెరుపు ఒకసారి మూసుకుపోతే మళ్లీ తేవడం కష్టం.

మాస్టర్ బొమ్మలో, అంటే పేరున్న చిత్రకారుడు వేసిన బొమ్మలో, ఆ తేల్చుకోవడమంతా ముందే అయిపోయి ఉంటుంది. నేను స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860-1920) దగ్గర మొదలుపెట్టాను. ఆయన ఆయిల్‌కి మారకముందు వాటర్ కలర్‌తోనే పేరు తెచ్చుకున్నాడు. మొత్తం బొమ్మ జోలికి పోలేదు, ఒక కన్ను మాత్రమే తీసుకున్నాను. నాలుగోసారికి గానీ అర్థం కాలేదు, కనుగుడ్డు తెల్లగా ఉండదని. పైరెప్ప నీడ దాని మీద పడి బూడిదరంగు అవుతుంది. అమ్మమ్మ కళ్లు గాజుగోళీల్లా ఎందుకు వచ్చాయో అప్పుడు తెలిసింది.

ఇందులో ఒక బోల్తా ఉంది, నేనూ పడ్డాను. సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ బొమ్మలు చూసొచ్చి, ఆ పద్ధతిలోనే వాటర్ కలర్ వేయబోయాను. అవి ఆయిల్ బొమ్మలు. అక్కడ ముదురు రంగు మీద లేతరంగు ఎక్కించవచ్చు, మనకి లేతతో మొదలెట్టి ముదురుకి వెళ్లాలి. చూసి ఆనందించడానికి వెళ్లండి, కాపీకి మాత్రం వాటర్ కలర్ బొమ్మే ఎంచుకోండి. ఫోన్‌లో చూసి వేస్తే రంగులు నమ్మకండి, వెలుగునీడలు నమ్మండి.

ఇక ఎదురుగా కూర్చున్న మనిషి. పక్కింటి పెద్దమ్మని బతిమాలి కూర్చోబెడితే పది నిమిషాలకే "పాలు పొంగుతాయి బిడ్డా" అని లేచింది. పైగా మే నెల హైదరాబాద్ ఎండ, నుదుటి మీద వేసిన వాష్ (నీళ్లు ఎక్కువ కలిపి పరిచే పల్చటి రంగు) గడ్డం దాకా వచ్చేలోపే ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపితే పెద్దమ్మ ఊరుకోదు. అయినా ఆ పది నిమిషాల్లో వేసిన మెడ, నా ఫోటో బొమ్మలన్నిటికంటే ప్రాణంతో ఉంది.

కొత్తవాళ్లయితే కాపీతోనే మొదలెట్టమంటాను, కానీ ఒక్క కాపీలే వేస్తూ నెలకి మించి ఉండొద్దు. అంతకు మించితే చెయ్యి జోర్న్‌ది అవుతుంది, కన్ను మనది కాకుండా పోతుంది. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటి) కాటన్ కాగితం ఖరీదెక్కువే, అయినా పల్చటి స్కెచ్‌బుక్ మీద కాపీ చేస్తే తప్పు మీదో కాగితానిదో తేలదు. ఇప్పుడు నా లెక్క ఇది: వారంలో రెండు సాయంత్రాలు కాపీ, ఆదివారం పెద్దమ్మ. ఫోటో ముక్కు కొలత సరిచూసుకోవడానికే.