పప్పులకు గాజు సీసాలా, ప్లాస్టిక్ డబ్బాలా, స్టీలా? ఏది మేలు?

వంటిల్లు సర్దుకోవాలి అనుకోగానే చాలామంది ముందు కొనేది ఒకే రంగు మూతలున్న డబ్బాల సెట్టు. ముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఇంట్లో ఇప్పటికే పడి ఉన్న సీసాలు, డబ్బాలతోనే అంతకంటే బాగా సర్దుకోవచ్చని నా గట్టి నమ్మకం. డబ్బా అందాన్ని పక్కనపెట్టి, అందులో పోసే సరుకు దేనివల్ల పాడవుతుందో చూడాలి. ఉప్పుకు చెమ్మ పడదు, కందిపప్పుకు పురుగు భయం, కారప్పొడి రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. బియ్యంతో బరువే సమస్య.

ముందు గాజు సంగతి. హార్లిక్స్, జామ్, కాఫీ, తేనె సీసాలు ఏ ఇంట్లోనైనా నాలుగైదు ఉంటాయి. ఉప్పుకు, చింతపండుకు, పచ్చళ్ళకు వీటిని మించినవి లేవు. ఉప్పు, పులుపు గాజును ఏమీ చేయలేవు, వాసనా పట్టదు. లోపల ఎంత మిగిలిందో బయటికే కనిపిస్తుంది కాబట్టి ఉన్న సరుకే మళ్ళీ కొనుక్కొచ్చే పని తప్పుతుంది. పచ్చడి సీసాకు ఇనుప మూత ఉంటే మాత్రం ఉప్పూ పులుపూ తగిలి తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ మూత దొరికితే అది పెట్టండి, లేదంటే ఆ సీసాను పప్పులకు మార్చేయండి.

సీసా మీది కాగితం ఊడాలంటే వేడినీళ్ళలో ఓ గంట నానబెడితే చాలు. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె, వంటసోడా కలిపి రాసి కాసేపు ఉంచి తోమితే పోతుంది. పాత పచ్చడి వాసన సీసాలో కంటే మూతలోనే ఎక్కువ నిలుస్తుంది. అందుకని మూతను విడిగా సోడా నీళ్ళలో నానబెట్టి ఎండలో పెట్టాలి. కడిగిన సీసా పూర్తిగా ఆరకుండా సరుకు పోయకండి. అప్పుడే దంచిన పొడిని వేడివేడిగా పోసి మూత బిగించినా అంతే, లోపల ఆవిరి పట్టి గడ్డకడుతుంది. ఇక కారం, పసుపు గాజులో పోస్తే ఆ సీసాను తలుపులున్న అలమారాలోనే పెట్టాలి. కిటికీ పక్కన వరసగా పెడితే ఫొటోకి బాగుంటుంది గానీ రంగు వెలిసిపోతుంది.

ప్లాస్టిక్‌ను ఒకే గాటన కట్టడం సరికాదు. డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది, తిప్పి చూడండి. 5 ఉంటే పాలీప్రొపిలీన్, గట్టిది, వేడినీళ్ళకు తట్టుకుంటుంది. 1 ఉంటే నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు చేసే రకం. వేడినీళ్ళు పోస్తే వంకర తిరుగుతుంది కాబట్టి శుభ్రంగా కడగడం కష్టం. అందులో పొడి పప్పులు కొద్దిరోజులు ఉంచుకోవచ్చు, అంతకుమించి ఆశించకూడదు. నూనె క్యాన్ల లోపలి జిడ్డు ఎంత కడిగినా పూర్తిగా పోదు, కొన్నాళ్ళకు పాత నూనె వాసన వస్తుంది. వాటిలో సరుకు వద్దు. పెయింటు బకెట్లలో బియ్యం పోసుకునేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, అవి తిండి పదార్థాల కోసం తయారైనవి కావు.

నూనె క్యాన్లు పారేయాల్సిన పనిలేదు. ఐదు లీటర్ల క్యాన్‌ను పక్కకు పడుకోబెట్టి పైముఖం కోసేస్తే పిడి ఉన్న సొరుగు తయారవుతుంది. సగం వాడి మడిచిన మసాలా ప్యాకెట్లు, సేమ్యా కవర్లు అందులో నిలబెట్టి లోతైన అరలోకి నెట్టేయవచ్చు. కావాల్సినప్పుడు పిడి పట్టుకుని మొత్తం బయటికి లాగితే వెనకున్నవీ కనిపిస్తాయి. కోసిన అంచు చేతికి గీసుకోకుండా టేపు అంటించండి. ప్లాస్టిక్‌తో చేసుకునే పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

స్టీలు డబ్బాలు పాతకాలం అని అటకెక్కించిన ఇళ్ళు చాలా ఉన్నాయి. దింపండి. ఎలుక ప్లాస్టిక్‌ను కొరుకుతుంది, స్టీలు దగ్గర దాని ఆటలు సాగవు. కిందపడితే సొట్ట పడుతుందే తప్ప పగలదు. లోపల చీకటి కాబట్టి కారం, ధనియాల పొడి, పసుపు చక్కగా ఉంటాయి. జంతికలు, చేగోడీలకూ అదే సరైనది. మూత వదులైతే డబ్బా నోటికి పాలిథిన్ కవరు పరిచి మూత నొక్కండి, గాలి చొరబడదు. ఉప్పు, చింతపండు మాత్రం పోయవద్దు, కొన్నాళ్ళకు లోపల మచ్చలు, గుంటలు పడతాయి. లోపలేముందో కనిపించకపోవడం ఒక ఇబ్బంది. ప్యాకెట్ మీద పేరు, తేదీ ఉన్న ముక్కను కత్తిరించి డబ్బాకు అంటిస్తే సరిపోతుంది. స్టీలు కొనాలంటే ఖరీదే. అయితే పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళు వీధిలోకి వచ్చినప్పుడు మూత సరిగ్గా పట్టే డబ్బా అడిగి తీసుకోండి.

పురుగు విషయంలో మాత్రం ఏ డబ్బా గొప్పా లేదు. గుడ్లు చాలాసార్లు పప్పుతోపాటే ఇంట్లోకి వస్తాయి. కొత్త పప్పును నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, బయటికి తీశాక కవరు విప్పకుండా మామూలు వేడికి వచ్చేదాకా ఆగి పోసుకుంటే ఆ బెడద చాలావరకు తప్పుతుంది. ఫ్రీజర్‌లో చోటు లేకపోతే మంచి ఎండ. పాతది అయిపోకముందే దాని మీద కొత్తది పోయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

కొలతల్లోనూ ఒక చిక్కుంది. కిలో కందిపప్పుకు దాదాపు లీటరుంపావు చోటు కావాలి. లీటరు సీసాలో కిలో పట్టదు, అందుకే ప్రతి నెలా అడుగున కాస్త మిగిలిన కవరు ఒకటి అరలో తిరుగుతుంటుంది. బియ్యం కూడా ఇంతే. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ బియ్యం మీద జీఎస్టీ వచ్చాక 26 కిలోల సంచులు మామూలైపోయాయి. ఇంట్లో పాత 25 కిలోల డబ్బా ఉంటే ఆ మిగతా కిలో బయటే ఉండిపోతుంది. కొత్తగా కొనేటట్లయితే 35 లీటర్లకు తగ్గకుండా చూసుకోండి.

నన్ను తేల్చి చెప్పమంటే, డబ్బు పెట్టి కొనాల్సింది బియ్యానికి ఒక పెద్ద స్టీలు డబ్బా మాత్రమే. రోజూ వాడే పప్పులు, ఉప్పు, చింతపండు ఖాళీ గాజు సీసాల్లోకి, పొడులు, పిండివంటలు ఉన్న స్టీలు డబ్బాల్లోకి వెళ్ళాలి. ప్లాస్టిక్ సొరుగులుగా పనికొస్తుంది. పిల్లలున్న ఇంట్లో గాజు కాస్త భయమే కాబట్టి వాళ్ళ చేతికి అందని నడిమి అరలో, మీ కంటికి ఎదురుగా ఉండేలా పెట్టుకోండి. ఆ అరలో వెనక వరస కనిపించకపోతే రెండు ఇటుకలు పెట్టి వాటి మీద ఒక చెక్క వేయండి, వెనకవి మెట్టు ఎక్కినట్టు పైకి లేస్తాయి. ఇటుకలకు ముందు పాత గుడ్డ చుట్టండి, లేకపోతే పొడి రాలి అరంతా ఎర్రగా అవుతుంది.