14 నెలలుగా నా ముఖంతో వెళ్తున్న వీడియోలు

బల్క్ హైరింగ్ (ఒకేసారి వందల మందిని ఉద్యోగాల్లోకి తీసుకోవడం) చేసేవాళ్లకి ఏఐ వీడియో టూల్స్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మనం ఇచ్చిన ఒక్క రికార్డింగ్‌తో ఒక్కో కాండిడేట్‌కి ఒక్కో వీడియో తయారుచేసి పెడతాయి. కెమెరా ముందు ఒక్కసారి కాసేపు మాట్లాడి ఇచ్చాను. అప్పట్నుంచి 14 నెలలుగా నా ముఖం, నా గొంతు కాండిడేట్లని పేరుపెట్టి పలకరిస్తూనే ఉన్నాయి. మా కన్సల్టెన్సీ మాదాపూర్‌లో ఉంది. మావన్నీ ఎక్కువగా ఫ్రెషర్స్ పోస్టులే.

మొదట్లో చాలామందికి నేనే ఈ టూల్‌ని రికమెండ్ చేశాను. మెయిల్‌కి పలకనివాళ్లు వీడియో చూసి వెంటనే ఫోన్ చేసేవాళ్లు. పేర్లు చక్కగా పలుకుతుందని కూడా చెప్పాను. అది కాండిడేట్ల పేర్ల షీటులో మనం సరిగ్గా ఎక్కించినప్పుడే. మనవాళ్లు రెజ్యూమెలో ఇంటిపేరు ముందు రాస్తారు కదా, టూల్ దాన్నే పేరనుకుని "హలో బొడ్డేపల్లి గారూ" అంటుంది. కూర్చుని ఒక్కొక్కటీ సరిచేయాలి.

నాకు బాగా నచ్చిన ఫీచర్ వేరే ఉంది. స్క్రిప్టులో ఊరు, కాలేజీ, ప్రాజెక్టు అని ఖాళీలు వదిలితే చాలు, రెజ్యూమెలోంచి తీసుకుని అదే నింపుకుంటుంది. ఇప్పుడు నా నిద్ర పాడుచేస్తున్నది కూడా అదే.

ఒకరోజు ఉదయం ఆఫీసు తెరిచేసరికి రిసెప్షన్‌లో ఒక అబ్బాయి కూర్చుని ఉన్నాడు. పలాస దగ్గర ఊరు. రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి సికింద్రాబాద్‌లో దిగి నేరుగా వచ్చాడు. నన్ను చూడగానే లేచి నిలబడి నవ్వాడు.

"నమస్తే మేడం. కలుద్దామన్నారు కదా, వచ్చాను."

నాకు ఎవరో తెలియలేదు. ఏ పోస్టుకి వచ్చారని అడిగాను. అతను ఫోన్ తీసి వీడియో పెట్టాడు. అందులో నేను అతని పేరు, ఊరి పేరు పలికి, "జీడిపప్పు గ్రేడింగ్ మీద మీరు చేసిన ప్రాజెక్టు చూశాను, నాకు చాలా నచ్చింది, త్వరలో కలుద్దాం" అంటున్నాను. ఆ వీడియో నేను చూడడం అదే మొదటిసారి. అతని రెజ్యూమె కూడా అప్పటిదాకా తెరవలేదు. "చూశాను, నచ్చింది" అన్న మాటలు మాత్రం స్క్రిప్టులో రాసింది నేనే. ఆ వారం లిస్టులో ఉన్న అందరికీ అవే వెళ్లాయి.

"ప్రాజెక్టులో మీకు ఏం నచ్చింది మేడం? ఇంటర్వ్యూలో దాని గురించే చెప్దామనుకుంటున్నాను" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. అది సాఫ్ట్‌వేర్ చేసిన వీడియో అనీ, నేను విడిగా ఏదీ చూడలేదనీ చెప్పేశాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బ్యాగులోంచి జీడిపప్పు ప్యాకెట్ తీసి టేబుల్ మీద పెట్టాడు. వాళ్లమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుందట, ఆవిడే పంపింది. "అమ్మ మీ వీడియో నాలుగుసార్లు చూసింది మేడం" అన్నాడు. నేను వద్దన్నా ప్యాకెట్ అక్కడే వదిలేసి వెళ్లాడు.

ఆ సాయంత్రం అతని రెజ్యూమె మొత్తం చదివాను. కెమెరా ఫోటోల్లోంచి గుండు గింజనీ, బద్దనీ గుర్తుపట్టే ప్రాజెక్టు. నిజంగానే బాగుంది. మా పోస్టుకి అప్పటికే లైనప్ (ఇంటర్వ్యూకి పంపేవాళ్ల లిస్టు) అయిపోయింది. ఇంకో క్లయింట్‌కి ప్రొఫైల్ పంపాను, ఇంకా ఫీడ్‌బ్యాక్ రాలేదు.

2023 నవంబరులో రష్మిక డీప్‌ఫేక్ వచ్చినప్పుడు ఆమెని అడగకుండా ఆమె ముఖం వాడారని అందరికీ కోపం వచ్చింది. ఇక్కడ ముఖం నాది, ఒప్పుకుని ఇచ్చిందీ నేనే. అందుకే ఇందులో తప్పేమీ లేదనుకున్నాను. చూసే మనిషి సంగతి ఆలోచించలేదు. ఏఐతో చేసిన వీడియోలకి లేబుల్ ఉండాలని 2026 ఫిబ్రవరిలో కేంద్రం ఐటీ రూల్స్ సవరించింది. మంచిదే. కానీ మూలన "ఏఐ" అని ఉన్నంత మాత్రాన "మీ ప్రాజెక్టు చూశాను" అన్న అబద్ధం నిజమైపోదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2020 నుంచి ఒక చట్టం ఉంది. కాండిడేట్ పంపిన ఇంటర్వ్యూ వీడియోని ఏఐతో అంచనా వేయాలంటే ముందే చెప్పి, ఒప్పుకోలు తీసుకోవాలి. కాండిడేట్‌కి మనం పంపే వీడియోకీ అదే మర్యాద ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

స్క్రిప్టు మార్చాను. మొదటి వాక్యమే "ఇది నా గొంతుతో ఏఐ తయారుచేసిన వీడియో, చాలామందికి పంపుతున్నాం" అని ఉంటుంది. "చూశాను", "నచ్చింది", "కలుద్దాం" తీసేశాను. రిప్లైలు తగ్గాయి. మా మేనేజర్‌కి టార్గెట్ టెన్షన్ ఉంది, రోజూ అడుగుతున్నారు. ఇంకో విషయం, మా కొలీగ్ ఒకావిడ రిజైన్ చేసి వెళ్లాక కూడా రెండు వారాలు ఆవిడ ముఖంతో వీడియోలు వెళ్లాయి. ఆవిడే ఫోన్ చేసి చెప్తేగానీ మాకు తెలియలేదు. ముఖం ఇచ్చేముందు ఉద్యోగం మానేస్తే దాన్ని తీసేస్తారా అని రాతపూర్వకంగా అడగండి.

కొనొచ్చా అంటే, జాయినింగ్ రోజు ఏ సర్టిఫికెట్లు తేవాలి, ఆఫీసు ఎక్కడ అని చెప్పడానికి నాకు ఇప్పటికీ చాలా ఉపయోగపడుతోంది. నెలకి వందల మందిని చూసుకునే మాలాంటి వాళ్లకి అంతవరకు డబ్బులకి న్యాయం చేస్తుంది. నెలకి పది పదిహేను మందినే తీసుకునేవాళ్లకి ఫోన్ చాలు. సీనియర్ పోస్టులకి ఎలా ఉంటుందో నేను చెప్పలేను, మేము అవి చేయం. వచ్చే నెల రెన్యువల్ ఉంది. ఖాళీలు నింపే ఆప్షన్ లేని చిన్న ప్లాన్ ఉంటే ఇవ్వమని అడిగాను.