రైల్వే సంస్కరణలు: కర్నూలు–హైదరాబాదు ప్రయాణికుడి సమీక్ష

కర్నూలు, హైదరాబాదుల మధ్య మీటరుగేజి రైళ్లు తిరిగిన రోజుల నుంచి నేను ఈ దారిలో ప్రయాణిస్తున్నాను. పట్టాలన్నిటినీ ఒకే వెడల్పుకు తేవడానికి 1992లో మొదలైన యూనిగేజ్ పథకంతో ఇక్కడ వెడల్పైన బ్రాడ్‌గేజి రావడమే మాకు అందిన పెద్ద సంస్కరణ అని నా అభిప్రాయం. ఇటీవలి సంస్కరణల్లో మాకు బాగా అందినవి టికెట్టుకు సంబంధించినవి. పట్టాల సంగతి, జనరల్ బోగీ సంగతి ఇంకా వెనుకబడే ఉన్నాయి.

టికెట్టు విషయంలో మేలు జరిగిందని మనస్ఫూర్తిగా చెబుతాను. ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులు చేశారు. 2025 జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణను తప్పనిసరి చేసి, బుకింగ్ మొదలైన తొలి 30 నిమిషాలు ఏజెంట్లను దూరంగా ఉంచారు. వీటన్నిటికంటే నాకు నచ్చింది చార్టు మార్పు. పూర్వం రైలు బయలుదేరడానికి నాలుగు గంటల ముందు తయారయ్యే చార్టును 2025 జూలైలో ఎనిమిది గంటల ముందే తయారయ్యేలా మార్చి, మధ్యాహ్నం రెండులోపు బయలుదేరే రైళ్లకు ముందురోజు రాత్రి తొమ్మిదికల్లా సిద్ధం చేయాలని నిర్ణయించారు. ఆత్మకూరు నుంచో కోడుమూరు నుంచో బస్సెక్కి కర్నూలుకు వచ్చి రైలు పట్టుకోవలసిన మనిషికి, బెర్తు ఖాయమైందో లేదో ఇల్లు కదలకముందే తెలియడం ఎంత ఊరటో ఆ దూరం నుంచి వచ్చేవారికే తెలుస్తుంది.

2023 సెప్టెంబరు 24న మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ కర్నూలు, అనంతపురం, ధర్మవరంలలో ఆగుతుంది. రైలు బాగుంది, శుభ్రంగా ఉంది. ఆ ఛార్జీ పెట్టుకోగలవారికి బెంగళూరు దగ్గరైంది. అయితే మహబూబ్‌నగర్ నుంచి డోన్ దాకా ఒంటి లైను కావడంతో, ఒక రైలు ముందుకు వెళ్లాలంటే మరొకటి పక్క లైనులో ఆగక తప్పదు. క్రాసింగ్ పడిందంటే జనరల్ బోగీలో ఏమవుతుందో దగ్గర నుంచి చూడాలి. తలుపు దగ్గర నిలుచున్నవాళ్లు గాలి కోసం కిందికి దిగుతారు, నీళ్ల సీసాలు చేతులు మారతాయి, మరుగుదొడ్డి పక్కన సంచుల మీద కూర్చున్న ఆడవాళ్లు మాత్రం లేస్తే ఆ చోటూ పోతుందని కదలరు. మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగుకు, అంటే రెండో లైను వేయడానికి, కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది. మా ప్రాంతానికి సంబంధించినంత వరకు అన్నిటికంటే ముందు పూర్తి కావలసిన పని అది.

పైస్థాయి మార్పుల ఫలితం నాకు కనిపించలేదు. 2019 డిసెంబరులో రైల్వే అధికారుల ఎనిమిది సర్వీసులను (కేడర్లను) ఒకటిగా కలిపి, రైల్వే బోర్డును కుదించాలని నిర్ణయించారు. దానివల్ల బోగీలో ఏం మారిందో చెప్పలేను. 1924 నుంచి విడిగా ఉంటూ వచ్చిన రైల్వే బడ్జెట్‌ను 2017లో సాధారణ బడ్జెట్‌లో కలిపివేయడం మాత్రం మాకు నష్టమే చేసిందనుకుంటాను. ఏటా ఆ ఒక్కరోజైనా రాయలసీమకు ఏమిచ్చారు, ఏమివ్వలేదు అని ఊరంతా మాట్లాడుకునేది, ఎంపీలను నిలదీసేది.

2025 జూలైలో ఎక్స్‌ప్రెస్ రైళ్ల నాన్ ఏసీ ఛార్జీని కిలోమీటరుకు ఒక పైసా పెంచారు. హైదరాబాదు వరకు రెండు మూడు రూపాయలే కనుక దాని మీద నాకు అభ్యంతరం లేదు. 2020 మార్చిలో ఆపేసిన వృద్ధుల రాయితీని ఇంతవరకు పునరుద్ధరించకపోవడమే బాధ కలిగిస్తోంది. పురుషులకు 40 శాతం, స్త్రీలకు 50 శాతం ఉన్న ఆ తగ్గింపు, కర్నూలు నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు పదేపదే తిరగవలసిన వయసులో చిన్న మొత్తం కాదు. కనీసం స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లోనైనా దాన్ని తిరిగి ఇవ్వాలని పార్లమెంటు స్థాయీ సంఘమే సిఫారసు చేసింది. ఆ సిఫారసును అమలు చేయాలి. డబ్లింగు పూర్తయ్యేలోగా ఈ మార్గంలో తిరిగే ప్రతి ఎక్స్‌ప్రెస్‌కూ నాలుగు జనరల్ బోగీలకు తగ్గకుండా చూడాలి.