కోరీ పిల్లల కోసం తగిలించే పెట్టె: ఏడాది వాడాక నా మాట

కోరిడోరాస్ (అక్వేరియంలో పెంచుకునే చిన్న క్యాట్‌ఫిష్, ముద్దుగా కోరీలు) గుడ్లు పెట్టగానే మొదలయ్యే టెన్షన్ ఒకటే, వాటిని ఎక్కడ దాచాలి అని. అలాగే వదిలేస్తే పెట్టినవే తినేస్తాయి. అందుకే ట్యాంకు గోడకి బయటివైపు తగిలించే ఈ ప్లాస్టిక్ పెట్టె కొన్నాను. ఎయిర్ పంపు బుడగలతో పాటు ట్యాంకు నీళ్లే గొట్టంలోంచి పైకెక్కి పెట్టెలో పడి, జాలీలోంచి మళ్లీ ట్యాంకులోకి పోతాయి. వేరే హీటరు అక్కర్లేదు, నీళ్లు మారాయని పిల్లలు బెదిరే గొడవా లేదు.

నావి పెప్పర్డ్ కోరీలు. డార్విన్ బీగిల్ ఓడ ప్రయాణంలో సేకరించిన చేపల్లోంచి 1842లో పేరు పెట్టిన జాతి ఇది, ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ముచ్చటే. కాస్త చల్లటి నీళ్లు పోసి సగం ట్యాంకు మారిస్తే చాలు, వానాకాలం వచ్చిందన్నట్టు మర్నాటికల్లా హడావిడి మొదలుపెడతాయి. ఆడది పొట్ట కింది రెక్కల్లో రెండు మూడు గుడ్లు పొదువుకుని అద్దం వెంట తిరిగి తిరిగి ఒకచోట అంటిస్తుంది. ఓ గంట ఆగి, కాస్త గట్టిపడ్డాక వేలి కొసతో దొర్లిస్తే ఊడొచ్చి వేలికే అంటుకుంటాయి, అలాగే పెట్టె గోడకి రాసేస్తే సరి.

గుడ్ల వరకూ దీనికి వంక పెట్టలేను. నీళ్లు కదులుతూ ఉంటాయి కాబట్టి బూజు తక్కువ, తెల్లబడ్డవి మాత్రం రోజూ ఏరేయాలి, లేకపోతే పక్కవాటికీ పాకుతుంది. 25 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజుల్లో తోకలు ఆడిస్తూ బయటికొస్తాయి.

అసలు లోపం ఆ తర్వాతే తెలుస్తుంది. అడుగు నున్నటి ప్లాస్టిక్, పిల్లలేమో అడుగునే ఉంటాయి, మేతగా వేసే బ్రైన్ ష్రింప్ (బుల్లి ఉప్పునీటి రొయ్యలు) తినగా మిగిలింది అక్కడే కుళ్లుతుంది. మొదటి విడతలో సగానికి పైగా ఇలాగే పోయాయి, చాలా బాధేసింది. ఇప్పుడు పల్చగా మెత్తటి ఇసుక పరిచి, రోజుకి రెండుసార్లు డ్రాపర్‌తో చెత్త లాగేస్తున్నాను, పెద్ద తేడా కనిపించింది. జాలీ సందులు కూడా వెడల్పే, మేత అందులోంచి కొట్టుకుపోతుంది, స్పాంజి ముక్క అడ్డం పెట్టాల్సిందే. గాలి గొట్టానికి గాలి తగ్గించే వాల్వు పెట్టెతో పాటు రాలేదు, అది పెట్టకపోతే పిల్లలు ధారలో గిరగిరా తిరుగుతాయి.

రెండు మూడు వారాలయ్యాక వీటికి చోటు చాలదు, వేరే చిన్న ట్యాంకు ముందే సిద్ధం చేసుకోండి. కొనేముందు మీ ట్యాంకు అంచు మందం కొలుచుకోండి, పైన ఫ్రేము ఉన్న ట్యాంకులకి ఈ కొక్కెం పట్టదు.