ముక్కు ఆపరేషన్ తర్వాత వాడిన పైనాపిల్ క్యాప్సూల్స్, మెగ్నీషియం పౌడర్

పోయిన నెల గుంటూరు కొత్తపేటలో ముక్కు దూలం ఆపరేషన్ చేయించుకున్నా, అదే సెప్టోప్లాస్టీ. నొప్పి ఎలాగో ఓర్చుకున్నా గానీ నిద్ర మాత్రం అస్సల్లేదు, రెండు పక్కలా స్ప్లింట్లు (దూలం కదలకుండా ముక్కు లోపల పెట్టే రేకులు) పెట్టారు కదా, రాత్రంతా నోటితోనే ఊపిరి, గంటకోసారి నాలుక పిడచకట్టుకుపోయి లేచి కూర్చునేదాన్ని.

మా ఆయన్ని బ్రాడీపేటలో ఉన్న నేచురల్ ఫుడ్స్ షాపుకి పంపించా. వాపుకి బ్రోమలైన్ (అనాస కాడలోంచి తీసే ఎంజైము), నిద్రకి మెగ్నీషియం గ్లైసినేట్, అశ్వగంధ, ఇంకా చేపనూనె అని చీటీ రాసిచ్చా. షాపు పెద్దాయన చీటీ చూసి "ఆపరేషనై ఎన్నాళ్లయింది బాబూ, చేపనూనె ఇప్పుడొద్దు, రక్తం కారే అవకాశం ఉంటది, మిగతావి కూడా డబ్బాల ఫొటో తీసి ముందు డాక్టరు గారికి చూపించండి" అన్నారంట. వచ్చిన బేరం వదులుకుని మరీ ఇలా చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి, నాకు ఆ షాపు మీద నమ్మకం కుదిరింది అక్కడే.

డాక్టరు గారు బ్రోమలైన్ కూడా మొదటి వారం వద్దన్నారు, రక్తం సంగతే. నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటా కాబట్టి అశ్వగంధ అసలొద్దన్నారు, మెగ్నీషియం అయితే థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటలు ఎడం ఉండాలన్నారు. నేను పొద్దున్నే మాత్ర, రాత్రి పడుకునే ముందు పౌడర్, ఇబ్బంది లేకపోయింది.

పౌడర్ తీసుకోవడమే మంచిదైంది. ముక్కు మూసుకుపోయి ఉన్నప్పుడు గుటక వేస్తే చెవులు దిబ్బడేసినట్టయిపోతాయి, ఒక్క పారాసెటమాల్ మింగడానికే యుద్ధం, పెద్ద క్యాప్సూల్ అయితే ఇంక చెప్పక్కర్లేదు. మొదటి రెండ్రోజులు నిండు స్కూపు వేసుకుంటే విరేచనాలయ్యాయి, సగానికి తగ్గించాక సర్దుకుంది. ఐదో రాత్రి నుంచి మూడు నాలుగు గంటలు ఏకధాటిగా పడుకున్నా. అయితే అప్పుడే తల కింద రెండు దిళ్లు పెట్టుకోవడం కూడా మొదలుపెట్టా, దేనివల్లో గట్టిగా చెప్పలేను. ఏడో రోజు స్ప్లింట్లు తీశాకే కంటినిండా నిద్రపోయింది.

బ్రోమలైన్ ఎనిమిదో రోజు నుంచి వేసుకున్నా, అప్పటికే వాపు తీసేసింది, నాకైతే డబ్బు దండగ.

తిండి విషయంలో మా అమ్మ మాటే విన్నా. గోరువెచ్చని రాగిజావ, పెరుగన్నం, మెత్తగా పండిన జామపండు (విటమిన్ సి నారింజ కన్నా ఇందులోనే బాగా ఎక్కువ, దానికి మళ్లీ వేరే మాత్ర ఎందుకు). పది రోజులు కారం ముట్టలేదు, గుంటూరులో పుట్టి పెరిగినదానికి అది చాలా కష్టం, కానీ కారం తింటే ముక్కు కారుద్ది, చీదకూడదు, అందుకని.

షాపుతో ఒక్కటే ఇబ్బంది, పౌడర్ పెద్ద డబ్బానే ఉంది, పదిహేను రోజులకి సరిపడా చిన్న ప్యాకెట్ లేదు. ఈసారి వెళ్లినప్పుడు పెద్దాయన్ని అడుగుతా.