బొమ్మలు రావని ఆగిపోకండి

రెండేళ్ళ కిందట కోవూరు దాటాక హైవే మీద మా బండికి యాక్సిడెంట్ అయింది. నడిపింది నేను, వెనక కూర్చున్నది మా తమ్ముడు. నా దెబ్బలు మానాయి, వాడి కాల్లో రాడ్ వేశారు, ఇప్పటికీ కుంటుతాడు. వాడు ఒక్కరోజూ నన్ను ఏమీ అనలేదు గానీ, వాడు మిద్దె మెట్లెక్కే చప్పుడు వినపడితే చాలు, నాకు అన్నం సహించేది కాదు.

మా వదిన పోరు పడలేక నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఆర్ట్ థెరపీ చేసే ఒక కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్ళాను. బొమ్మలు నేర్పిస్తారేమో అనుకున్నా, అదేం కాదు. చార్టు, క్రేయాన్లు ముందు పెట్టి, ఆ రాత్రి గుర్తున్నది గుర్తున్నట్టు వేయమన్నారు మేడమ్. రోడ్డు, బండి, కింద పడున్న తమ్ముడు, అన్నీ వేశాను. ఆవిడ చాలాసేపు చూసి "ఇందులో లారీ ఏదండీ?" అన్నారు. లైట్లు లేకుండా రోడ్డు మీద ఆపేసిన లారీని కదా మేము గుద్దుకుంది, దాన్నే వేయలేదు నేను. అక్కడే ఏడ్చేశాను.

తర్వాతి సిట్టింగ్‌లో గుండ్రం గీయించి, ప్రమాదానికి కారణాలన్నిటికీ తలా ఒక ముక్క, తలా ఒక రంగు వేయమన్నారు. లారీ, చీకటి, వాన, నా స్పీడు. నా ముక్క పోలేదు, పోవాలని ఆవిడా అనలేదు, కానీ గుండ్రమంతా నాదే కాదని కళ్ళతో చూశాను. "నీ తప్పేం లేదులేరా" అని ఎంతమంది చెప్పినా ఎక్కనిది అప్పుడెక్కింది. జరిగినదానికి అతిగా తననే నిందించుకోవడం పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన ఘటన తర్వాత మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు, దాని లక్షణాల్లో ఒకటని, మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5లో అది ఉందని ఆవిడ చెప్పాక, నాకున్నది పిచ్చి కాదని ధైర్యం వచ్చింది.

నచ్చనిది ఒకటుంది. గది రోడ్డు వైపు, హారన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడేవాణ్ణి. యాక్సిడెంట్ అయినవాళ్ళని అక్కడ కూర్చోబెట్టకూడదు. నేను అడిగితే గానీ వెనక గది ఇవ్వలేదు.

సిట్టింగ్‌కి 700, గంటసేపు. నిద్రమాత్రలు మాత్రం సైకియాట్రిస్టుని అడక్కుండా ఆపొద్దన్నారు. మీరు ఎక్కడికెళ్ళినా, క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. ఫీజు కష్టమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఐదో సిట్టింగ్‌లో ఆ రోడ్డే మళ్ళీ వేశాను, ఈసారి లారీతో. ఇంటికి తెచ్చి తమ్ముడికి చూపించా. కాసేపు చూసి "ఇంకా పెద్దదన్నా ఆ లారీ" అన్నాడు. రెండేళ్ళలో ఆ రాత్రి గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదలు. వచ్చే బుధవారం వాడూ వస్తానన్నాడు.